గంట మోగితే పరుగెత్తింది ఎవరు? విక్టోరియా కాలపు సంపన్న గృహం, పనివాళ్ళ లెక్క

క్లుప్తంగా: విక్టోరియా రాణి కాలంలో (1837–1901) బ్రిటన్‌లో ఇంటి పని చేసినవాళ్ళలో ఎక్కువమంది పెద్ద భవంతుల్లో కాదు, ఒకరో ఇద్దరో పనివాళ్ళున్న మధ్యతరగతి ఇళ్ళలో ఉండేవారు. సంపన్న గృహాల్లో ఆ సంఖ్య డజన్లకు చేరడానికి బొగ్గు, నీళ్ళ మోత, మారిన విందు పద్ధతి ముఖ్య కారణాలు. వాళ్ళను అదుపులో పెట్టింది జీతం కంటే యజమానురాలు ఇచ్చే నడవడిక ఉత్తరం. చదువు, దుకాణాలు, ఆఫీసులు వేరే దారి చూపించాక యజమాని ఇంట్లోనే ఉండి చేసే కొలువు నెమ్మదిగా కరిగిపోయింది.

ఓటీటీల్లో బ్రిటిష్ పీరియడ్ డ్రామాలు చూసేవాళ్ళకు కొన్ని సందేహాలు రావడం సహజం. ఒక్క కుటుంబానికి అంతమంది పనివాళ్ళు ఎందుకు? బట్లర్, వాలే, ఫుట్‌మన్ ముగ్గురూ వేరువేరా? వంటావిడకు ఉన్న దర్జా గిన్నెలు తోమే పిల్లకు ఎందుకు లేదు? తెర మీద ఇదంతా మర్యాదల వ్యవహారంలా కనిపిస్తుంది. నిజానికి దీని వెనుక ఖర్చు, పన్ను, చట్టం, ఇంటి ప్లాను అన్నీ ఉన్నాయి.

సంఖ్య చెప్పే సంగతి

1851 జనగణన నాటికే బ్రిటన్‌లో ఇంటి పనివాళ్ళు పది లక్షలు దాటారు. వ్యవసాయం తర్వాత అంతమందికి బతుకుతెరువు చూపిన పని మరొకటి లేదు. ఫ్యాక్టరీల దేశంగా పేరు పడిన చోట బట్టల మిల్లుల కంటే ఇళ్ళలో పనిచేసేవాళ్ళే ఎక్కువన్నమాట. 1891 జనగణనలో ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇంటి లోపలి పని చేసే స్త్రీలు దాదాపు 13.8 లక్షలు, పురుషులు సుమారు 58 వేలు. అంటే ఒక మగ నౌకరుకు ఇరవైమందికి పైగా ఆడవాళ్ళు.

ఈ తేడాకు ఒక కారణం పన్ను. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ఖర్చుల కోసం 1777లో ప్రభుత్వం మగ నౌకర్ల మీద తలకు ఒక గినీ (21 షిల్లింగులు) చొప్పున పన్ను వేసింది. 1785లో ఆడ పనివాళ్ళ మీద కూడా వేశారు కానీ, అది ఏడేళ్ళలోనే పోయింది. మగవాళ్ళ మీద పన్ను మాత్రం 1869లో 15 షిల్లింగులకు తగ్గి, 1937 దాకా కొనసాగింది. మగ నౌకరుకు జీతమూ ఎక్కువే, యూనిఫాం ఖర్చూ యజమానిదే. పైగా పన్ను. దాంతో ఫుట్‌మన్‌ను పెట్టుకోవడమే ఒక హోదా గుర్తు అయింది. వీధి తలుపు తీసేది మగవాడైతే ఆ ఇంటి ఆదాయం ఏ స్థాయిదో వచ్చినవాడికి గుమ్మంలోనే తెలిసిపోయేది.

ఏ ఆదాయానికి ఎంతమంది ఉండాలో చెప్పే లెక్కలు కూడా అచ్చయ్యాయి. 1861లో వెలువడిన ఇసబెల్లా బీటన్ గృహనిర్వహణ పుస్తకం ప్రకారం ఏడాదికి 1,000 పౌండ్ల ఆదాయం ఉన్నవాళ్ళకు ఒక వంటావిడ, ఇద్దరు హౌస్‌మెయిడ్‌లు, ఒక నర్స్‌మెయిడ్, ఒక మగ నౌకరు తగినవాళ్ళు. 500 పౌండ్లయితే ముగ్గురు ఆడవాళ్ళు. 150–200 పౌండ్లయితే అన్ని పనులూ ఒక్కతే చేసే పనిమనిషి. ఆ పుస్తకం రాసినప్పుడు బీటన్ వయసు పాతికేళ్ళు కూడా లేవు. పెద్ద ఇల్లు నడిపిన అనుభవమూ ఆమెకు పెద్దగా లేదు. అయినా కొత్తగా డబ్బు చూసిన కుటుంబాలకు అదే పంచాంగం అయింది. తమ స్థాయికి ఎంతమందిని పెట్టుకోవాలో ఎవరినీ అడగకుండా తెలుసుకునే వీలు అందులో దొరికింది.

పనిమనిషి లేకపోవడం అంటే మధ్యతరగతి నుంచి జారిపోవడమే. 1899లో యార్క్ నగరంలో పేదరికం మీద సర్వే చేసిన సీబోమ్ రౌంట్రీ, శ్రామిక వర్గాన్ని మిగతావారి నుంచి వేరు చేయడానికి వాడిన గీటురాయి ఇదే: ఇంట్లో పనివాళ్ళు ఉన్నారా, లేరా. లండన్‌లోని సోహోలో అప్పుల మధ్య బతికిన కార్ల్ మార్క్స్ ఇంట్లో సైతం హెలెన్ డెమూత్ అనే పనిమనిషి ఉండేది. ఆమెను చివరకు మార్క్స్ కుటుంబ సమాధిలోనే పాతిపెట్టారు.

పెద్ద ఇంటి మెట్లు

పల్లెల్లో వేల ఎకరాలున్న ప్రభువుల ఇళ్ళలో పరిస్థితి వేరు. అక్కడ పనివాళ్ళలోనే ఒక దొంతర ఉండేది. మగవాళ్ళ మీద అధికారం బట్లర్‌ది. వైన్, వెండి సామాను, భోజనాల బల్ల ఆయన బాధ్యత. ఆడవాళ్ళ మీద అధికారం హౌస్‌కీపర్‌ది. దుప్పట్లు, సరుకుల గది, ఊరగాయలు, జామ్‌లు ఆమె చేతిలో ఉండేవి. నడుముకు వేలాడే తాళాల గుత్తే ఆమె హోదా. పెళ్ళి కాకపోయినా ఆమెను ‘మిసెస్’ అనే పిలిచేవారు. వంటావిడ ఈ ఇద్దరికీ పూర్తిగా లోబడి ఉండేది కాదు. చాలా ఇళ్ళలో ఆమె నేరుగా దొరసానితోనే మాట్లాడేది, మర్నాటి వంటకాలు ఉదయాన్నే ఖరారు చేసుకునేది. వాలే దొరకు బట్టలు, గడ్డం పని చూస్తే, లేడీస్ మెయిడ్ దొరసానికి జుట్టు, బట్టల సంగతి చూసేది.

వీళ్ళ కింద ఫుట్‌మన్‌లు. వడ్డన, ఉత్తరాలు అందించడం, బండి వెనుక నిలబడటం వాళ్ళ పని. ఎత్తు ఎక్కువైతే జీతం ఎక్కువ. చూడటానికి జోడు కుదిరే ఇద్దరిని ఏరి మరీ పెట్టుకునేవారు. ఇంకా కింద హౌస్‌మెయిడ్‌లు, లాండ్రీ మెయిడ్‌లు, కిచెన్ మెయిడ్‌లు. అట్టడుగున స్కలరీ మెయిడ్, అంటే అంట్లు తోమే పిల్ల. బయట కోచ్‌మన్, గుర్రాలు చూసే గ్రూమ్‌లు, తోటమాలులు, వేట జంతువులను కాపాడే గేమ్‌కీపర్‌లు మరో లోకం.

ఈ దొంతర భోజనం దగ్గర బాగా బయటపడేది. చాలా పెద్ద ఇళ్ళలో పనివాళ్ళంతా తమ హాల్లో హోదా ప్రకారం కూర్చుని మాంసం తినేవరకు కలిసి ఉండేవారు. ఆ తర్వాత పై వరుసవాళ్ళు లేచి, తీపి తినడానికి హౌస్‌కీపర్ గదికి వెళ్ళిపోయేవారు. అతిథుల వెంట వచ్చిన నౌకర్లను వాళ్ళ యజమానుల పేర్లతోనే పిలవడం, యజమానుల హోదా వరుసలోనే కూర్చోబెట్టడం ఆనవాయితీ. తక్కువ స్థాయివాళ్ళకు సొంత పేరు కూడా దక్కేది కాదు. కొన్ని ఇళ్ళలో ఫుట్‌మన్ ఎవరు వచ్చినా జాన్ లేదా జేమ్స్, హౌస్‌మెయిడ్ ఎవరు వచ్చినా మేరీ. మనిషి మారినా పిలుపు మారనక్కర్లేదని దీని అర్థం.

ఇవతలా అవతలా కానిది గవర్నెస్, అంటే ఇంట్లోనే ఉండి పిల్లలకు చదువు చెప్పే ఆమె. చదువుకున్న, చితికిపోయిన మధ్యతరగతి కుటుంబపు అమ్మాయి. పనివాళ్ళు ఆమెను తమలో కలుపుకునేవారు కాదు, కుటుంబం భోజనాల బల్ల దగ్గరకు పిలిచేది కాదు. ముసలితనంలో వీళ్ళ దుస్థితి ఎంత పెద్ద సమస్య అయిందంటే, 1840ల్లో వీళ్ళకోసం ప్రత్యేకంగా ఒక సహాయ సంస్థ పుట్టింది.

బొగ్గు, నీళ్ళు, వెండి

అంతమంది ఎందుకు అన్న ప్రశ్నకు మొదటి జవాబు బొగ్గు. ప్రతి గదికీ ఒక ఫైర్‌ప్లేస్. తెల్లవారకముందే బూడిద ఎత్తాలి, ఇనుప జాలీకి నల్లరంగు పట్టించి తోమాలి, కొత్త మంట వేయాలి, రోజంతా బొగ్గు బకెట్లు పైకి మోయాలి. కుటుంబం లేచేసరికి గది వెచ్చగా ఉండాలి, వెచ్చ చేసిన మనిషి కనిపించకూడదు. ఆ మంట నుంచి వచ్చే మసి తెరల మీద, తివాచీల మీద, పింగాణీ బొమ్మల మీద పేరుకునేది. విక్టోరియా కాలపు గదుల్లో బొమ్మలు, కుచ్చులు, బరువైన తెరలు ఎక్కువ. మసి పుట్టించే పొయ్యి, మసి పట్టే అలంకరణ ఒకే గదిలో ఉంటే దులిపే పనికి అంతుండదు.

రెండోది నీళ్ళు. కొళాయి గొట్టాలు పై అంతస్తులకు చేరడం చాలా ఇళ్ళలో శతాబ్దం చివరి మాట. అప్పటిదాకా పడకగదిలో పొయ్యి ముందు రేకు తొట్టి పెట్టి, వంటింట్లో కాచిన నీళ్ళు డబ్బాలతో పైకి మోసి పోసేవారు. స్నానం అయ్యాక ఆ నీళ్ళే మళ్ళీ కిందికి మోయాలి. పడక కింద ఉంచే మూత్రపాత్రలూ అలాగే. ఇంట్లో పది పడకగదులుంటే ఇది పదింతలు. గొట్టాలు వేయించే స్తోమత ఉన్నవాళ్ళు కూడా తొందరపడలేదు. మోసే పిల్ల జీతం గొట్టాల ఖర్చు కంటే చౌక. యంత్రం ఆలస్యంగా రావడానికి చౌక శ్రమే కారణమన్న వాదన ఇక్కడ గట్టిగా నిలుస్తుంది.

దీనికి మినహాయింపులు లేకపోలేదు. నార్తంబర్‌ల్యాండ్‌లోని క్రాగ్‌సైడ్‌లో ఇంజినీరు, ఆయుధాల తయారీదారు అయిన విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ 1878 నాటికే నీటి శక్తితో కరెంటు పుట్టించి దీపం వెలిగించాడు. 1880లో జోసెఫ్ స్వాన్ బల్బులు బిగించాడు. మాంసం తిప్పే కడ్డీకి, లిఫ్టుకు కూడా నీటి శక్తినే వాడాడు. అయితే అది ఇంజినీరు సరదా. చుట్టుపక్కల జమీందార్లు పోటీ పడి అనుకరించిన దాఖలాలు తక్కువ.

మూడోది బల్ల మీద వస్తువులు. మరక పట్టని స్టీలు 1913 దాకా లేదు. కత్తులు తుప్పు పట్టేవి కాబట్టి ప్రతి భోజనం తర్వాత రాపిడి పొడితో తోమాలి. వెండి సామానును ఎర్రటి పొడితో ఉత్త చేత్తోనే రుద్దేవారు. వేళ్ళు బొబ్బలెక్కి, పగిలి, చివరకు గట్టిపడేవి.

శతాబ్దం మధ్య నుంచి వడ్డన పద్ధతే మారిపోయింది. అంతకుముందు వంటకాలన్నీ ఒకేసారి బల్ల మీద పెట్టి, అతిథులు ఒకరికొకరు అందించుకునే ఫ్రెంచి పద్ధతి ఉండేది. దాని బదులు ఒక్కో వంటకాన్నీ విడిగా, ఒక్కో అతిథి ఎడమ పక్కకు నౌకరు తెచ్చి చూపించే రష్యన్ పద్ధతి వచ్చింది. ఎనిమిది కోర్సుల విందులో ఒక్కో కోర్సుకూ ప్లేట్లు మార్చాలి. వడ్డించేవాళ్ళు పెరగాలి, గిన్నెలు పెరగాలి, తోమే చేతులూ పెరగాలి. ఫ్యాషన్ పైన మారితే దాని బరువు కింది అంతస్తులో పడింది.

గోడలు, వెనక మెట్లు, గంటలు

పద్దెనిమిదో శతాబ్దం మధ్య వరకు పిలిస్తే పలకడానికి నౌకరు గది బయటే నిలబడాల్సి వచ్చేది. తీగలతో లాగే గంటలు వచ్చాక ఆ అవసరం పోయింది. పై గదిలో తాడు లాగితే కింది నడవలో ఫలానా గంట ఊగేది. గంట పనివాళ్ళను మాటలు వినబడనంత దూరం పంపే వీలు కల్పించింది. ఆ దూరాన్నే విక్టోరియా కాలపు ఆర్కిటెక్ట్‌లు ఇంటి ప్లానుగా మలిచారు. 1864లో రాబర్ట్ కెర్ అనే ఆర్కిటెక్ట్ సంపన్నుల ఇళ్ళ నిర్మాణం మీద రాస్తూ, కుటుంబం ఒక సమాజం, పనివాళ్ళు మరో సమాజం, ఒకరికొకరు తలుపులు మూసుకునే హక్కు ఇద్దరికీ ఉండాలి అన్నాడు. వినడానికి సమానంగానే ఉంది. గంట తాడు మాత్రం ఒక పక్కనే ఉంది.

కార్న్‌వాల్‌లోని లాన్‌హైడ్రాక్ భవనం దీనికి మంచి ఉదాహరణ. 1881లో అది కాలిపోయింది. 1885 నాటికి తిరిగి కట్టినప్పుడు వంట, పాలు, రొట్టెలు, మాంసం నిల్వ వేటికవే గదులుగా ఒక పెద్ద సేవకుల విభాగం వెలిసింది. మగ పనివాళ్ళకు, ఆడ పనివాళ్ళకు మెట్లదారులు కూడా వేరు. ససెక్స్‌లోని అప్పార్క్‌లో వంటిల్లు ఇంటికి దూరంగా విడి కట్టడంలో ఉండేది. భూమి కింద తవ్విన సొరంగంలోంచి భోజనం ఇంట్లోకి వచ్చేది. వంటవాసన రాదు, కిటికీలోంచి చూస్తే నౌకరు కనబడడు. భోజనం చల్లారేది, అది వేరే సంగతి.

ఇదే అప్పార్క్‌లో ఒక తమాషా చరిత్ర ఉంది. ఎస్టేటు యజమాని సర్ హ్యారీ ఫెదర్‌స్టన్‌హో డెబ్బై ఏళ్ళు దాటాక, 1825లో, తన డెయిరీలో పనిచేసే మేరీ ఆన్ బుల్లక్‌ను పెళ్ళి చేసుకున్నాడు. ఆయన పోయాక ఎస్టేటు ఆమెకు, ఆమె తర్వాత చెల్లెలు ఫ్రాన్సెస్‌కు వచ్చింది. ఫ్రాన్సెస్ దగ్గర 1880 నుంచి 1893 దాకా హౌస్‌కీపర్‌గా ఉన్న సారా వెల్స్, రచయిత హెచ్.జి.వెల్స్ తల్లి. డెయిరీ పిల్ల కుటుంబం దొరసానుల కుటుంబం అయినా ఇంటి కట్టుబాట్లు మారలేదు. సొరంగాలు అలాగే ఉన్నాయి, పద్ధతులు అలాగే ఉన్నాయి. ఆ వ్యవస్థ వ్యక్తుల మంచిచెడ్డల మీద ఎంత తక్కువగా ఆధారపడిందో దీన్నిబట్టి అంచనా వేయవచ్చు.

జీతం, బత్తెం, పైరాబడి

బీటన్ పట్టిక ప్రకారం బట్లర్‌కు ఏడాదికి 25 నుంచి 50 పౌండ్లు, హౌస్‌కీపర్‌కు 20 నుంచి 45, అన్ని పనుల పనిమనిషికి 9 నుంచి 14, స్కలరీ మెయిడ్‌కు 5 నుంచి 9. తిండి, పడక యజమానివే. జీతం సాధారణంగా మూడు నెలలకోసారి చేతికి వచ్చేది. కుటుంబం లండన్ సీజన్‌కో (సంపన్నులు విందులు, వేడుకల కోసం నగరంలో గడిపే నెలలు), విదేశాలకో వెళ్ళినప్పుడు ఇంట్లో మిగిలినవాళ్ళకు తిండికి బదులు డబ్బు ఇచ్చేవారు. మన దివాణాల్లోని బత్తెం లాంటిదే అది.

పైరాబడికి కూడా ఒప్పుకున్న హద్దులుండేవి. వంటావిడ కొవ్వు, ఎముకలు, కుందేలు తోళ్ళు అమ్ముకునేది. లేడీస్ మెయిడ్‌కు దొరసాని వదిలేసిన బట్టలు, బట్లర్‌కు కొవ్వొత్తి మొదళ్ళు, ఖాళీ సీసాలు. అతిథులు వెళ్ళేటప్పుడు ఇచ్చే ఇనాములు ఫుట్‌మన్‌లకు అసలు జీతమంత ముఖ్యం. దుకాణదారుడు ఇంటి బిల్లు మీద వంటావిడకు ఇచ్చే కమిషన్ దగ్గర మాత్రం గొడవలు వచ్చేవి. యజమానికి అది దొంగతనం, వంటావిడకు అది మామూలు.

తిండీ వసతీ కలిపి చూస్తే పెద్ద ఇంటి కొలువు మిల్లు కూలి కంటే నష్టమేమీ కాదు. పని వేళల దగ్గర పోలిక మారిపోతుంది. 1847 చట్టం బట్టల మిల్లుల్లో స్త్రీలకు, పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళకు రోజుకు పది గంటల హద్దు పెట్టింది. ఇంటి పనికి అలాంటి హద్దు విక్టోరియా కాలం మొత్తంలో రాలేదు. 1884లో ఓటు హక్కు విస్తరించినప్పుడు కూడా యజమాని ఇంట్లోనే ఉండే మగ నౌకర్లు బయటే మిగిలిపోయారు. ఇల్లు చట్టం తొంగిచూడకూడని చోటు అన్న భావన అంత బలంగా ఉండేది.

నడవడిక ఉత్తరం

ఈ వ్యవస్థ కీలకం ఇక్కడ ఉంది. పని మారాలంటే పాత యజమానురాలి నుంచి నడవడిక ఉత్తరం కావాలి. నిజాయితీ, శుభ్రత, తాగుడు లేకపోవడం, చర్చికి వెళ్ళడం, మానేయడానికి కారణం అన్నీ అందులో ఉండాలి. చాలాసార్లు కొత్త యజమానురాలే స్వయంగా వెళ్ళి పాత ఆమెను అడిగి తెలుసుకునేది. ఆ ఉత్తరం ఇచ్చి తీరాలని చట్టం ఎక్కడా చెప్పలేదు. పదేళ్ళు చేసిన మనిషికి కూడా ‘ఇవ్వను’ అనవచ్చు. సదుద్దేశంతో చెడుగా రాస్తే పరువునష్టం కిందికి రాదు. మరోవైపు, 1792 చట్టం ప్రకారం దొంగ ఉత్తరం సృష్టించినా, చూపించినా 20 పౌండ్ల జరిమానా. స్కలరీ మెయిడ్‌కు అది రెండు నుంచి నాలుగేళ్ళ జీతం.

ఒక నెల ముందు చెప్పి మానేయవచ్చు, మాన్పించవచ్చు అన్నది ఆచారం. కానీ ఆజ్ఞ ధిక్కరిస్తే ఆ నెల కూడా లేదు. 1845లో టర్నర్ వర్సెస్ మేసన్ కేసు ఈ సంగతిని స్పష్టం చేసింది. తల్లి చావుబతుకుల్లో ఉందని తెలిసి ఒక పనిమనిషి రాత్రికి సెలవు అడిగింది. యజమాని ఒప్పుకోలేదు. ఆమె వెళ్ళింది. ఉద్యోగం పోయింది. తల్లి జబ్బు ఆజ్ఞ ధిక్కారానికి సాకు కాదని, తీసేయడం న్యాయమేనని కోర్టు తేల్చింది.

పెళ్ళి, ప్రేమ ఈ ఉత్తరం నీడలోనే జరగాలి. ‘వెంటపడేవాళ్ళు రాకూడదు’ అన్న నియమం ఉద్యోగ ప్రకటనల్లోనే కనిపించేది. గర్భం వస్తే ఉద్యోగం, ఉత్తరం, తలదాచుకునే చోటు ఒకే రోజున పోయేవి. తల్లులు పెంచలేని పసిపిల్లలను చేర్చుకునే లండన్ ఫౌండ్లింగ్ హాస్పిటల్‌లో బిడ్డను తీసుకోమని అర్జీ పెట్టుకున్న తల్లుల్లో ఇంటి పనివాళ్ళే ఎక్కువ. అక్కడ కూడా బిడ్డను చేర్చుకోవాలంటే తల్లి అంతకుముందు మంచి నడవడికగలదని రుజువు కావాలి.

దెబ్బ ఎక్కువ తగిలింది వర్క్‌హౌస్‌ల నుంచి, అంటే నిరుపేదలను ఉంచి పని చేయించే ప్రభుత్వ ఆశ్రయాల నుంచి, పనికి పంపిన పిల్లలకు. 1850 చివర్లో జేన్ విల్‌బ్రెడ్ అనే పిల్ల ఎముకల గూడుగా బయటపడింది. ఆమెను ఆకలికి మాడ్చింది లండన్‌లో లాయర్ల పేట అయిన టెంపుల్‌లో ఉండే న్యాయవృత్తి కుటుంబం, స్లోన్ దంపతులు. దేశమంతా గగ్గోలెత్తింది. దంపతులకు రెండేళ్ళ జైలు పడింది. 1851లో వచ్చిన చట్టం ఇలా పంపిన పదహారేళ్ళలోపు పిల్లలను అధికారులు ఏడాదికి రెండుసార్లు చూసి రావాలని చెప్పింది. మిగతా పిల్లల బాగోగులు స్వచ్ఛంద సంస్థలకే వదిలేశారు. గర్ల్స్ ఫ్రెండ్లీ సొసైటీ, లండన్ చిన్న పనిపిల్లల సంఘం రెండూ 1875లోనే మొదలవడం యాదృచ్ఛికం కాకపోవచ్చు.

ఇంత అదుపు ఉన్నా పనివాళ్ళు ఒకేచోట ఉండిపోయారనుకుంటే పొరపాటు. లండన్ చెల్సీలో రచయిత థామస్ కార్లైల్, జేన్ కార్లైల్ దంపతుల ఇంట్లో మూడు దశాబ్దాల్లో ముప్ఫైమందికి పైగా పనిమనుషులు మారారు. నేలమాళిగ వంటిల్లే ఆ పనిమనిషికి పడకగది కూడా. ఉత్తరం చేతిలో ఉన్నంతవరకు, ఒక పౌండు ఎక్కువ జీతం కోసమో, కాస్త నయమైన గది కోసమో మారిపోవడమే వాళ్ళకు ఉన్న ఏకైక బేరం. యజమానురాళ్ళు ఎప్పుడూ ‘పనివాళ్ళ సమస్య’ అని వాపోయింది దీని గురించే.

మద్రాసు బంగళా

ఈ వ్యవస్థకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక శాఖ ఉంది. విశాఖపట్నం, మచిలీపట్నం, రాజమండ్రి లాంటి చోట్ల దొరల బంగళాల్లోనూ బట్లర్ ఉండేవాడు. లోపలి లెక్క మాత్రం తలకిందులు. ఇంగ్లండ్‌లో ఆడవాళ్ళు ఎక్కువ, ఇక్కడ వంటతో సహా దాదాపు అంతా మగవాళ్ళే, ఆయాలు తప్ప. అక్కడ పెళ్ళికానివాళ్ళు యజమాని కప్పు కిందే పడుకోవాలి. ఇక్కడ పెరటి గుడిసెల్లో పెళ్ళాం పిల్లలతో ఉండేవారు. కులం ప్రకారం పని విడిపోయింది కాబట్టి మనుషుల సంఖ్య ఎక్కువ. ఇంగ్లండ్‌లో ఇద్దరు మెయిడ్‌లకు మించి పెట్టుకోలేని చిన్న అధికారి ఇక్కడ డజనుమందికి దొర. రిటైరై స్వదేశం వెళ్ళిన కుటుంబాలకు ఈ దిగుడు బాగా కష్టమనిపించేది.

పిల్లలను చూసుకోవడానికి ఓడ మీద వెంట తీసుకెళ్ళిన ఆయాలు కొందరు లండన్‌లో దిక్కులేకుండా మిగిలిపోయేవారు. తిరుగు ప్రయాణం టికెట్టు మీద ముందే ఒప్పందం లేకపోతే వాళ్ళను అడిగే దిక్కు లేదు. అలాంటివాళ్ళ కోసం ఆల్డ్‌గేట్‌లో ఆయాల వసతిగృహం నడిచింది. 1900లో అది హ్యాక్నీకి మారింది.

మనకు తెలిసింది ఎవరి కథ?

ఎస్టేటు ఇళ్ళు లెక్కల పుస్తకాలు దాచుకున్నాయి. వేల్స్‌లో రెక్స్‌హామ్ దగ్గర ఎర్డిగ్ భవనంలోని యార్క్ కుటుంబం 1790ల నుంచే పనివాళ్ళ బొమ్మలు గీయించి, పక్కన పద్యాలు రాయించింది. 1852లో ఫోటోలు కూడా తీయించింది. అంత మమకారం అరుదు కాబట్టే ఎర్డిగ్ పేరు ప్రతి చర్చలో వస్తుంది. తోటమాలి స్థాయి నుంచి పైకొచ్చిన జోసెఫ్ పాక్స్‌టన్ పేరు కూడా అంతే. చాట్స్‌వర్త్‌లో డ్యూక్ దగ్గర 1826లో ప్రధాన తోటమాలిగా చేరి, 1851 లండన్ ప్రదర్శనకు క్రిస్టల్ ప్యాలెస్ అనే గాజు భవనాన్ని డిజైన్ చేశాడు. అలాంటి ఎదుగుదల మగవాడికి, అదీ ఇంటి బయటి పనిలో ఉన్నవాడికే సాధ్యమైంది.

అన్ని పనులూ ఒక్కతే చేసే పనిమనిషి తన గురించి రాసుకున్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. హన్నా కల్విక్ (1833–1909) వాటిలో ముఖ్యమైనది. చిన్నప్పుడే పనిలో చేరి, పొయ్యిలు, బూట్లు, మెట్లు, అంట్లు గంటల వారీగా డైరీలో రాసింది. రాయమన్నది ఆమెను ప్రేమించిన ఆర్థర్ మన్బీ అనే ఉన్నత తరగతి మనిషి. 1873లో రహస్యంగా పెళ్ళి చేసుకున్నారు. ఆ తర్వాత కూడా ఆమె భార్యగా కనబడటం కంటే పనిమనిషిగా ఉండటానికే మొగ్గు చూపింది. డైరీలను మన్బీ కేంబ్రిడ్జ్ ట్రినిటీ కాలేజీకి అప్పగించాడు. 1950 దాకా ఆ పెట్టెలు తెరవకూడదన్న షరతుతో.

ఎందుకు తగ్గారు?

మొదటి ప్రపంచయుద్ధం ఈ వ్యవస్థను ముగించిందని తరచూ అంటారు. అది సగం నిజం. మార్పు అంతకుముందే మొదలైంది. 1870 చట్టంతో ప్రాథమిక పాఠశాలలు విస్తరించాయి. 1880లో చదువు తప్పనిసరి అయింది, 1891లో చాలా బడులు ఉచితం అయ్యాయి. పన్నెండేళ్ళకే పనికి వెళ్ళే పిల్లలు తగ్గారు. అదే కాలంలో పెద్ద దుకాణాలు, టైప్‌రైటర్లు, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు అమ్మాయిలను పిలిచాయి. మిల్లులున్న లాంకషైర్‌లో పనిమనుషులు దొరకడం ఎప్పుడూ కష్టమే. ఇప్పుడు లండన్‌కూ ఆ కరువు పట్టుకుంది.

చట్టం కూడా ఆలస్యంగానైనా గుమ్మం దాటింది. పనిలో గాయపడితే పరిహారం పొందే హక్కు 1906లో ఇంటి పనివాళ్ళకూ వర్తించింది. 1911 నేషనల్ ఇన్సూరెన్స్ చట్టం ప్రకారం వారం వారం బీమా స్టాంపు అంటించాలి. దీనికి వ్యతిరేకంగా యజమానురాళ్ళు పనివాళ్ళను కూడా వెంటబెట్టుకుని లండన్ ఆల్బర్ట్ హాల్‌లో సభ పెట్టారు. ఇంటి ఆప్యాయతల్లో ప్రభుత్వం జోక్యం చేసుకుంటోందన్నది వాళ్ళ వాదన. స్టాంపులు మాత్రం అంటించక తప్పలేదు.

యుద్ధంలో ఆయుధ కర్మాగారాలకు, బస్సులకు, ఆఫీసులకు వెళ్ళిన ఆడవాళ్ళలో చాలామంది తర్వాత వెనక్కి రావాల్సి వచ్చింది. నిరుద్యోగం అంత తీవ్రంగా ఉంది. 1931 జనగణనలోనూ ఇంటి పని చేసే స్త్రీలు పది లక్షలకు పైనే. కానీ యజమాని కప్పు కింద పడుకునే పని మీద విముఖత పెరిగిపోయింది. వాళ్ళు అడిగింది జీతం పెంచమని మాత్రమే కాదు, సాయంత్రం తమకు వదలమని, టోపీ పెట్టుకోమనవద్దని, పూర్తి పేరుతో పిలవమని. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆడవాళ్ళకు వేరే ఉద్యోగాలు నిలకడగా దొరికాక, ధనవంతులకు కూడా గంటల లెక్కన వచ్చి పోయే మనిషే దిక్కయింది. పని అయ్యాక ఆమె తన ఇంటికి వెళ్ళిపోయేది.